వెంటిలేటర్ మీద ఉన్న రోగుల ఊపిరితిత్తుల కొలతలు: జిల్లా ఐసీయూలో ప్రతి షిఫ్టుకూ ఏమేమి రాయాలి?

నాగావళి_ఐసీయూ (అనస్తీషియా వైద్యుడు, శ్రీకాకుళం)

సభ్యులందరికీ నమస్కారం. శ్రీకాకుళం పట్టణంలోని ఒక ఐసీయూలో పనిచేస్తున్నాను. మా దగ్గర వెంటిలేటర్ పెట్టాల్సి వచ్చేవారిలో పురుగుల మందు తాగినవారు, కట్లపాము కరిచినవారు, స్క్రబ్ టైఫస్ (నల్లి లాంటి చిన్న పురుగు కాటుతో వచ్చే జ్వరం) ముదిరి ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారు, ఉద్దానం (కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా జిల్లా ప్రాంతం) వైపు నుంచి కిడ్నీ జబ్బుతో ఒంట్లో నీరు చేరి ఆయాసంతో వచ్చేవారు ఎక్కువ. ఈ నాలుగు రకాల రోగుల ఊపిరితిత్తులు ఒకదానితో ఒకటి పోలికే లేనివి. మా చార్టులో మాత్రం అందరికీ అవే గళ్లు: మోడ్ (యంత్రం శ్వాస ఇచ్చే పద్ధతి), ఆక్సిజన్ శాతం, పీప్ (శ్వాస వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో నిలిపి ఉంచే పీడనం), శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ స్థాయి). రక్తంలోకి ఆక్సిజన్ ఎంత చేరుతోందో ఆ చార్టు చెబుతుంది గానీ, దాన్ని చేర్చడానికి మనం ఊపిరితిత్తులను ఎంతగా సాగదీస్తున్నామో చెప్పదు.

ఆ చార్టును మార్చాలనుకుంటున్నాను. ఒక డ్యూటీ డాక్టరు, ఇద్దరు ముగ్గురు సిస్టర్లు మాత్రమే ఉండే చోట తప్పనిసరిగా రాయాల్సిన కొలతలు ఏవి, వాటిని ఎలా తీయాలి, ఏ అంకె కనబడితే వెంటనే కదలాలి అన్నది మీ అందరి అనుభవంతో తేల్చుకోవాలని నా కోరిక. ప్లాటో ప్రెషర్ (గాలి ప్రవాహం ఆగాక మిగిలే పీడనం), మొత్తం పీప్ (మనం పెట్టిన పీప్‌తో పాటు లోపల చిక్కుకున్న గాలి పీడనం) అనే రెండు అంకెలూ ఎవరో ఒకరు హోల్డ్ బటన్ (శ్వాసను క్షణకాలం ఆపి ఉంచేది) నొక్కితే తప్ప నమ్మదగిన రీతిలో బయటికి రావు కాబట్టి, ఆ నొక్కడాన్ని రోజువారీ పనిలో భాగం చేయడమే అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం. పీడనాలన్నిటినీ సెంటీమీటర్ల నీటి మట్టం లెక్కలోనే రాద్దాం.

చంపావతి_పల్మో (ఊపిరితిత్తుల వైద్యురాలు, విజయనగరం)

డాక్టర్ గారూ, చాలా అవసరమైన చర్చ మొదలుపెట్టారు. ముందుగా పీక్ ప్రెషర్ గురించి చెప్పాలి, ఎందుకంటే అలారం మోగేది దానికే, అందరూ పరుగెత్తేదీ దానికే. గాలి ట్యూబులోంచీ శ్వాసనాళాల్లోంచీ ప్రవహించడానికి కొంత పీడనం ఖర్చవుతుంది, ఊపిరితిత్తులూ ఛాతీ గోడా సాగడానికి కొంత ఖర్చవుతుంది, అడుగున పీప్ ఎలాగూ ఉంటుంది. ఈ మూడూ కలిసినదే పీక్. శ్వాస లోపలికి వెళ్లిన చివర అర సెకను పాటు వాల్వులు రెండూ మూసి ఉంచితే ప్రవాహం ఆగిపోతుంది, ప్రవాహానికి ఖర్చయ్యే భాగం రాలిపోతుంది, మిగిలినది ప్లాటో. గాలి గదుల మీద పడే ఒత్తిడికి దగ్గరగా ఉండేది ఇదే.

మా వార్డులో ఈ తేడా ఎంత ఉపయోగపడుతుందో చూపే ఒక సందర్భం చెబుతాను. పాత సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకయ్యే దీర్ఘకాలిక జబ్బు) ఉన్న పెద్దాయనకు పీక్ 44 చూపిస్తూ అలారం ఆగకుండా మోగుతోంది. మత్తు పెంచాలా, టైడల్ వాల్యూమ్ (ఒక్కో శ్వాసకు ఇచ్చే గాలి) తగ్గించాలా, ఎక్స్‌రేకు పంపాలా అని మంచం చుట్టూ ఆలోచనలు సాగుతున్నాయి. హోల్డ్ నొక్కితే ప్లాటో 19 వచ్చింది. గాలి నిమిషానికి 60 లీటర్ల వేగంతో, అంటే సెకనుకు ఒక లీటరు చొప్పున వెళుతోంది కనుక, 44లోంచి 19 తీసేస్తే రెసిస్టెన్స్ (గాలి దారిలోని అడ్డంకి) 25. ఊపిరితిత్తులు ఏమీ బిగుసుకోలేదు, దారిలోనే ఎక్కడో అడ్డం ఉంది. సక్షన్ గొట్టం ట్యూబులోంచి సాఫీగా దిగింది, పిల్లికూతలు పెద్దగా లేవు. చివరికి చూస్తే, రాత్రంతా నెబ్యులైజర్ పెట్టిన తేమంతా ట్యూబు దగ్గరి ఫిల్టర్‌లో చేరి అది నీళ్లోడుతోంది. ఫిల్టర్ మార్చగానే పీక్ 28కి దిగింది, ప్లాటో మాత్రం 19 దగ్గరే ఉంది. పీక్ మాత్రమే పెరిగితే ట్యూబు, ఫిల్టర్, కఫం, శ్వాసనాళాల బిగింపు వెతకాలి. పీక్‌తో పాటు ప్లాటో కూడా పెరిగితే న్యుమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం), ఊపిరితిత్తిలో ఒక భాగం మూసుకుపోవడం, నీరు చేరడం, ట్యూబు ఒకవైపు బ్రాంకస్‌లోకి (ఒక ఊపిరితిత్తికి వెళ్లే ప్రధాన నాళంలోకి) జారిపోవడం, పొట్ట ఉబ్బడం వంటివి వెతకాలి. ఈ రెండు దారులనూ వేరు చేసేది ఆ ఒక్క బటనే.

పీజీ_పాలకొండ (అనస్తీషియా పీజీ విద్యార్థి)

మేడమ్, నాదొక ప్రాథమిక సందేహం. ప్లాటో 30 దాటకూడదని చదువుకున్నాం. 28 వస్తే నిశ్చింతగా ఉండవచ్చా? టైడల్ వాల్యూమ్ ఎంత పెట్టాలన్నప్పుడు చాలాచోట్ల ఆడా మగా తేడా లేకుండా 420, 450 అని పెట్టేస్తున్నారు. అది సరైనదేనా?

చంపావతి_పల్మో

రెండు ప్రశ్నలకూ సమాధానం టేపు దగ్గర మొదలవుతుంది బాబూ. మన ప్రాంతంలో 150 సెంటీమీటర్ల ఎత్తు మించని ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. ఊపిరితిత్తుల పరిమాణం ఎత్తును బట్టి ఉంటుంది, మంచం మీద తూచిన బరువును బట్టి కాదు. ఆడవారికి 45.5తో, మగవారికి 50తో మొదలుపెట్టి, ఎత్తులోంచి 152.4 తీసేసి మిగిలినదాన్ని 0.91తో గుణించి కలపాలి. 150 సెంటీమీటర్ల స్త్రీకి ఇలా ఎత్తును బట్టి అంచనా వేసిన బరువు సుమారు 43 కిలోలు. కిలోకు 6 మిల్లీలీటర్ల లెక్కన ఆమెకు ఇవ్వాల్సింది 260. 420 ఇస్తే కిలోకు దాదాపు 10 అవుతుంది. 2000లో వచ్చిన ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు తీవ్రంగా వాచి నీరు చేరే స్థితి) నెట్‌వర్క్ పరిశోధనలో 861 మంది రోగులను రెండు వర్గాలుగా చేసి చూస్తే, కిలోకు 12 ఇచ్చిన వర్గంలో 39.8 శాతం మంది, 6 ఇచ్చిన వర్గంలో 31 శాతం మంది మరణించారు. ఇంత స్పష్టంగా ప్రాణాలు నిలిపిన మార్పులు మన రంగంలో తక్కువ, దీనికి పెట్టాల్సిన ఖర్చు ఒక టేపు మాత్రమే. రోగిని వెల్లకిలా, తిన్నగా పడుకోబెట్టి తల నుంచి మడమ దాకా కొలిచి, ఆ అంకెను మంచం తల దగ్గర రాసి అతికించండి.

ఇక ప్లాటో 28 సంగతి. అదే స్త్రీకి స్క్రబ్ టైఫస్‌తో ఏఆర్‌డీఎస్ వచ్చిందనుకుందాం. టైడల్ వాల్యూమ్ 420, పీప్ 6, ప్లాటో 28. 30 లోపే ఉందని సంతోషించవచ్చు గానీ, ప్లాటోలోంచి పీప్ తీసేస్తే వచ్చే డ్రైవింగ్ ప్రెషర్ 22. 420ని 22తో భాగిస్తే కంప్లయెన్స్ (ఊపిరితిత్తులు సాగే గుణం) 19. అంటే గాలి పట్టగలిగే భాగం ఆమె ఊపిరితిత్తుల్లో చాలా కొద్దిగా మిగిలింది, ఆ కొద్ది భాగమే ప్రతి శ్వాసకూ సాగుతోంది. కంప్లయెన్స్ మారదనుకుంటే, 260 ఇచ్చినప్పుడు డ్రైవింగ్ ప్రెషర్ 14 దగ్గరికి వస్తుంది. కార్బన్ డయాక్సైడ్ పెరగకుండా శ్వాసల సంఖ్య పెంచుకోవచ్చు, రక్తంలో ఆమ్లత్వం ప్రమాదకరం కానంతవరకు కొంత పెరిగినా ఓర్చుకోవచ్చు.

టెక్కలి_క్రిటికల్ (ఇంటెన్సివిస్టు, సొంతూరు టెక్కలి, ఉద్యోగం విశాఖపట్నంలో)

మేడమ్ చెప్పిన లెక్కలతో పూర్తిగా ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక జోడించాలనుకుంటున్నాను. డ్రైవింగ్ ప్రెషర్‌కు ఇంత ప్రాముఖ్యం తెచ్చినది 2015లో అమాటో బృందం ప్రచురించిన విశ్లేషణ. తొమ్మిది పాత పరిశోధనల్లోని 3562 మంది రోగుల వివరాలను కలిపి చూసి, టైడల్ వాల్యూమ్, పీప్, ప్లాటోల కంటే డ్రైవింగ్ ప్రెషరే మరణాలతో ఎక్కువగా ముడిపడి ఉందని వారు చూపారు. అది ఎంతో విలువైన పరిశీలన. అయితే, డ్రైవింగ్ ప్రెషర్‌ను ఎలాగైనా తగ్గిస్తే మరణాలు తగ్గుతాయని దానితో రుజువు కాలేదు. జబ్బు తీవ్రంగా ఉన్న ఊపిరితిత్తులకే ఆ అంకె ఎక్కువగా ఉంటుందన్నది మరవకూడదు.

ఇది మాటవరసకు చెబుతున్నది కాదు. 2017లో వచ్చిన ఆర్ట్ పరిశోధనలో 1010 మంది ఏఆర్‌డీఎస్ రోగులున్నారు. ఒక వర్గంలో పెద్ద పీడనాలతో ఊపిరితిత్తులను తెరిచి, కంప్లయెన్స్ బాగా కనిపించిన చోట పీప్ నిలిపారు. ఆ వర్గంలో 28 రోజుల్లో 55.3 శాతం మంది మరణించారు, తక్కువ పీప్ వర్గంలో 49.3 శాతం మందే. అందుచేత కంప్లయెన్స్ కోసం వెంటపడి పీప్‌ను 20 దాకా ఎక్కించే అలవాటు మన జిల్లా ఐసీయూలలోకి రాకూడదు. పీప్‌ను రెండేసి అంకెలు మారుస్తూ, ప్రతి మెట్టు దగ్గరా డ్రైవింగ్ ప్రెషర్, బీపీ, శాచురేషన్ మూడూ చూడండి. పీప్ పెంచినప్పుడు డ్రైవింగ్ ప్రెషర్ తగ్గితే మూసుకున్న భాగాలు కొన్ని తెరుచుకున్నట్టు, పెరిగితే తెరిచి ఉన్న భాగాలే ఉబ్బుతున్నట్టు అనుకోవచ్చు. ఆక్సిజన్ అప్పటికీ అందకపోతే బోర్లా పడుకోబెట్టడం ఉంది. 2013 నాటి ప్రోసెవా పరిశోధనలో తీవ్రమైన ఏఆర్‌డీఎస్ రోగులను రోజుకు కనీసం 16 గంటలు బోర్లా ఉంచితే 28 రోజుల మరణాలు 32.8 శాతం నుంచి 16 శాతానికి దిగాయి. దానికి కావలసింది మనుషులూ దిండ్లూ, కొత్త యంత్రం కాదు.

చంపావతి_పల్మో

ఒప్పుకుంటున్నాను సర్. అంకెను తగ్గించడానికి పీప్‌తో ఆటలాడటం వేరు, అంకె ఎక్కువగా ఉందని గమనించి టైడల్ వాల్యూమ్ తగ్గించడం వేరు. రెండోదాని గురించే నేను పట్టుబడుతున్నాను. 15 దాటినప్పుడల్లా ఎందుకు దాటిందని ఎవరో ఒకరు ప్రశ్నించుకోవాలి, చార్టులో ఆ గడి ఉంటేనే ఆ ప్రశ్న పుడుతుంది.

స్టాఫ్‌నర్స్_రాజాం

అందరికీ నమస్కారం. హోల్డ్ బటన్ నర్సులు నొక్కకూడదని మాకు మొదట్లో చెప్పారు, ఆ తరువాత ఎవరూ నేర్పలేదు. మా రోగులు ఎక్కువమంది ప్రెషర్ కంట్రోల్ మోడ్‌లోనే (ప్రతి శ్వాసకూ మనం పెట్టిన పీడనాన్నే ఇచ్చే పద్ధతిలో) ఉంటారు. ఆ మోడ్‌లో మనం పెట్టిన పీడనమే ప్లాటో అని, మళ్లీ కొలవనక్కరలేదని ఒక డాక్టరు గారు అన్నారు. అది నిజమేనా సర్? రాత్రి డ్యూటీలో మేమే కొలిచి రాయవచ్చా?

నాగావళి_ఐసీయూ

సిస్టర్, తప్పకుండా కొలవవచ్చు, కొలవాలి కూడా. నేర్పించి, రాతపూర్వకంగా అనుమతి ఇవ్వడం మా బాధ్యత. అర సెకను హోల్డ్ వల్ల రోగికి హాని జరిగే అవకాశం బహు తక్కువ. బీపీ బాగా పడిపోయి ఉన్నవారికి, న్యుమోథొరాక్స్ అనుమానం ఉన్నవారికి మాత్రం డాక్టరు ఉన్నప్పుడే చేయండి, పదే పదే చేయవద్దు.

ప్రెషర్ కంట్రోల్ సంగతి ఫ్లో గీతను (తెర మీద గాలి వేగాన్ని చూపే గీతను) చూస్తే తెలుస్తుంది. శ్వాస లోపలికి వెళ్లే సమయం ముగిసేసరికి ఆ గీత సున్నాకు దిగి ఉంటే, ట్యూబు మొదట్లోనూ గాలి గదుల్లోనూ పీడనం దాదాపు సమానమైనట్టే, కనుక ఆ డాక్టరు గారి మాట అప్పటికి సరిపోతుంది. గీత ఇంకా పైన ఉండగానే శ్వాస ముగిసిపోతే గాలి గదుల్లోకి పీడనం పూర్తిగా చేరలేదన్నమాట, అప్పుడు హోల్డ్ నొక్కితే తెర మీది అంకె కంటే తక్కువ వస్తుంది. రెసిస్టెన్స్ లెక్క కట్టడానికి మాత్రం ఆ మోడ్ పనికిరాదు. గాలి ఒకే వేగంతో వెళ్లే వాల్యూమ్ కంట్రోల్‌లోకి మార్చి, కొలిచి, మళ్లీ పాత సెట్టింగులకు తేవాలి.

వంశధార_బయోమెడ్ (బయోమెడికల్ ఇంజనీరు, శ్రీకాకుళం)

యంత్రం వైపు నుంచి కొన్ని మాటలు. వెంటిలేటర్ తెర మీద తనంతట తాను చూపే కంప్లయెన్స్ ఏ రకమో ముందుగా తెలుసుకోండి. కొన్ని యంత్రాలు పీక్‌లోంచి పీప్ తీసి లెక్క కట్టి డైనమిక్ అని చూపుతాయి, అందులో రెసిస్టెన్స్ కూడా కలిసి ఉంటుంది. ట్యూబులో కఫం చేరినా ఆ అంకె పడిపోతుంది, ఊపిరితిత్తులు పాడయ్యాయని మనం పొరబడతాం. కొన్ని యంత్రాలు గీతలన్నిటినీ సమీకరణానికి సరిపోల్చి స్టాటిక్ అని చూపుతాయి. రోగి స్వయంగా శ్వాస లాగుతుంటే ఆ లెక్క తప్పుతుంది.

సర్క్యూట్ (వెంటిలేటర్ నుంచి రోగికి వెళ్లే గొట్టాలు) కూడా సాగుతుందన్న సంగతి చాలామందికి తట్టదు. పెద్దల సర్క్యూట్‌లో ఒక్కో సెంటీమీటరు పీడనానికి రెండు మూడు మిల్లీలీటర్ల గాలి గొట్టాల్లోనే ఉండిపోతుంది. పీప్ మీద మరో 20 పీడనం పెడితే 40 నుంచి 60 మిల్లీలీటర్లు రోగికి చేరవు. 260 ఇస్తున్న రోగికి ఇది చిన్న అంకె కాదు. యంత్రం ఈ నష్టాన్ని సవరించుకోవాలంటే రోగికి తగిలించే ముందు, ఏ సర్క్యూట్, ఏ హ్యూమిడిఫయర్ (గాలికి తేమ కలిపే పరికరం) వాడబోతున్నారో అవే పెట్టి సెల్ఫ్ టెస్టు పూర్తి చేయాలి. అత్యవసరంలో ఆ టెస్టును దాటవేసి, తరువాత ఎన్నడూ చేయని చోట్లు నేను చాలా చూశాను. ఫ్లో గీత రంపపు పళ్లలా వణుకుతుంటే గొట్టంలో నీరుగానీ రోగికి కఫంగానీ ఉన్నట్టు. ముందు గొట్టంలోని నీటిని, రోగి వైపు వెళ్లకుండా, వాటర్ ట్రాప్‌లోకి ఒంపండి. హోల్డ్ పట్టినప్పుడు పీడనం నిలకడగా ఉండక మెల్లగా కిందికి జారిపోతుంటే కఫ్ (ట్యూబు చుట్టూ ఉండే గాలి బుడగ) దగ్గరో సర్క్యూట్‌లోనో లీకు ఉంది. ఆ ప్లాటోను రాయవద్దు.

పీజీ_పాలకొండ

ఆటో పీప్ గురించి ఎవరూ చెప్పలేదు. పురుగుల మందు కేసుల్లో దాన్ని కొలవాలా సర్?

టెక్కలి_క్రిటికల్

వారిలో తప్పక కొలవాలి. ఆర్గానోఫాస్ఫేట్ (ఒక రకం పురుగుల మందు) వల్ల శ్వాసనాళాలు బిగుసుకుంటాయి, స్రావాలు ముంచెత్తుతాయి, లోపలికి వెళ్లిన గాలి పూర్తిగా బయటికి రాకముందే మరో శ్వాస వచ్చిపడుతుంది. ఫ్లో గీతలో బయటికి వచ్చే భాగం సున్నాను తాకకుండానే కొత్త శ్వాస మొదలవుతుంటే గాలి లోపల చిక్కుకుంటోందని అర్థం. ఎంత చిక్కుకుందో తెలియాలంటే ఎక్స్‌పిరేటరీ హోల్డ్ (శ్వాస వదిలిన చివర పట్టే హోల్డ్) నొక్కాలి. అది మొత్తం పీప్‌ను చూపుతుంది, మనం పెట్టిన పీప్‌ను అందులోంచి తీసేస్తే మిగిలేది ఆటో పీప్. మందు ప్రభావంతో కండరాలు నీరసించిన రోగి యంత్రానికి ఎదురు శ్వాస లాగడు కనుక ఆ కొలత నమ్మదగినదిగానే వస్తుంది.

దీన్ని విస్మరిస్తే మిగతా లెక్కలన్నీ తలకిందులవుతాయి. టైడల్ వాల్యూమ్ 400, ప్లాటో 24, పెట్టిన పీప్ 5 అనుకోండి. 400ని 19తో భాగించి కంప్లయెన్స్ 21 అని రాస్తే, చదివినవారు ఏఆర్‌డీఎస్ అనుకుంటారు. ఎక్స్‌పిరేటరీ హోల్డ్‌లో మొత్తం పీప్ 14 వచ్చిందంటే, అసలు డ్రైవింగ్ ప్రెషర్ 10, కంప్లయెన్స్ 40. అప్పుడు చికిత్స కూడా పూర్తిగా మారిపోతుంది: పీప్ పెంచడం కాదు, అట్రోపిన్ (ఆ విషానికి విరుగుడు మందు) సరిపోతోందో లేదో చూసుకోవడం, కఫం తీయడం, శ్వాసల సంఖ్య తగ్గించి గాలి బయటికి రావడానికి సమయం ఇవ్వడం. ఉన్నట్టుండి బీపీ పడిపోతే, చిక్కుకున్న గాలి గుండెకు రక్తం తిరిగి రానీయడం లేదేమోనని సర్క్యూట్‌ను కొన్ని క్షణాలు విడదీసి చూడండి. బీపీ వెంటనే లేస్తే కారణం దొరికినట్టే.

నాగావళి_ఐసీయూ

కట్లపాము రోగుల గురించి నా వంతు చెబుతాను. వారి ఊపిరితిత్తులు మొదట ఆరోగ్యంగానే ఉంటాయి, కండరాలు మాత్రమే పనిచేయవు. అందువల్ల వారిలో ఒక్కరోజు అంకె కంటే రోజుల తరబడి అంకెల నడకే ముఖ్యం. టైడల్ వాల్యూమ్ 400కు డ్రైవింగ్ ప్రెషర్ 8 ఉన్న యువకుడికి, సెట్టింగులేవీ మారకుండానే మరునాడు ఉదయం 13 వచ్చింది. జ్వరం లేదు, శాచురేషన్ 97 దగ్గర అలాగే ఉంది. ఎడమవైపు కింది భాగంలో గాలి చప్పుడు తగ్గింది, ఎక్స్‌రేలో ఆ భాగం ముడుచుకుపోయి కనిపించింది. కఫం గడ్డను తీసి, ఫిజియోథెరపీ చేయించి, పక్కకు తిప్పి పడుకోబెడితే సాయంత్రానికి 9కి వచ్చింది. శాచురేషన్ కోసం ఎదురుచూసి ఉంటే ఒక రోజు ఆలస్యమయ్యేది.

ఉద్దానం కిడ్నీ రోగుల్లో కూడా డయాలసిస్‌కు ముందు, తరువాత కొలుస్తున్నాం. నీరు దిగేకొద్దీ కంప్లయెన్స్ పెరగడం కనిపిస్తుంది. పెరగకపోతే నీరు ఒక్కటే కారణం కాదని, న్యుమోనియా కూడా ఉందేమోనని వెతుకుతాం. పొట్టలో నీరు చేరి బిగిసి ఉన్నవారిలో ప్లాటో ఎంతవరకు ఊపిరితిత్తులది, ఎంతవరకు ఛాతీ గోడది అని తేల్చాలంటే ఈసోఫేగస్ బెలూన్ (అన్నవాహికలో పెట్టి పీడనం కొలిచేది) కావాలి. మా దగ్గర అది లేదు.

టెక్కలి_క్రిటికల్

బెలూన్ లేదని బాధపడనవసరం లేదు డాక్టర్ గారూ. 2019లో వచ్చిన ఈపీవెంట్-2 పరిశోధనలో 200 మంది రోగుల్లో బెలూన్ ఆధారంగా పీప్ నిర్ణయించినా, ఆక్సిజన్ పట్టిక ఆధారంగా ఎక్కువ పీప్ పెట్టినా, ప్రధాన ఫలితంలో తేడా రాలేదు. పొట్ట బిగిసిన రోగికి యూరిన్ క్యాథెటర్ ద్వారా మూత్రాశయ పీడనం కొలవండి. పొట్టలోని పీడనంలో ఇంచుమించు సగం ఛాతీకి చేరుతుంది. అది 20 ఉన్న రోగికి ప్లాటో 31 వస్తే, ఊపిరితిత్తులు పగిలిపోతున్నాయని భయపడి టైడల్ వాల్యూమ్‌ను ఇంకా కోసేయకుండా, ముందు పొట్ట సంగతి చూడవచ్చు.

మరొక సమస్య మత్తు తగ్గించాక వస్తుంది. ప్రెషర్ సపోర్ట్ (రోగి స్వయంగా లాగే శ్వాసకు యంత్రం ఇచ్చే తోడ్పాటు) 8, పీప్ 6 అని తెర మీద చూసి అంతా తేలికగా ఉందనుకుంటాం, కానీ రోగి స్వయంగా ఎంత బలంగా లాగుతున్నాడో ఆ అంకెల్లో లేదు. శ్వాస వదిలిన చివర క్షణకాలం ఎక్స్‌పిరేటరీ హోల్డ్ పట్టి, మూసిన వాల్వుకు ఎదురుగా అతడు లాగిన మొదటి శ్వాసకు పీడనం ఎంత లోతుకు పడిందో చూడండి. పీప్ కిందికి 16 పడిందనుకుంటే, అందులో మూడింట రెండు వంతులు దాదాపు 11. దానికి సపోర్ట్ 8 కలిపితే 19. ప్రతి శ్వాసకూ ఊపిరితిత్తుల మీద పడుతున్న లాగుడు అది. 17 దాటితే జాగ్రత్త పడాలి. నొప్పి, జ్వరం, ఆమ్లత్వం, చాలని సపోర్ట్ వంటి కారణాలను సరిచేసి మళ్లీ కొలవాలి. ఏఆర్‌డీఎస్ నుంచి కోలుకుంటున్న రోగిని ఈ దశలో గమనించకపోతే చేతికొచ్చిన ఫలం జారిపోతుంది.

విశాఖకు రోగులను పంపేవారికి ఒక మనవి. ఇక్కడికి వచ్చే రిఫరల్ లెటర్లలో "వెంటిలేటర్ మీద ఉన్నాడు, శాచురేషన్ 92" అని మాత్రమే ఉంటుంది. అంబులెన్సులోని చిన్న వెంటిలేటర్లలో చాలావాటికి హోల్డ్ ఉండదు కనుక దారిలో ఎవరూ కొలవలేరు. బయలుదేరే ముందు కొలిచిన ప్లాటో, మొత్తం పీప్, టైడల్ వాల్యూమ్, ఎత్తు ఆ లెటర్‌లో రాయండి. రోగి దిగాక మేము కొలిచినది దానితో పోల్చితే, దారిలో న్యుమోథొరాక్స్ వచ్చిందా, ట్యూబు జారిందా అన్నది నిమిషాల్లో తెలుస్తుంది.

నాగావళి_ఐసీయూ

ఈ చర్చను బట్టి చార్టుకు గళ్లు సిద్ధం చేశాను: ఎత్తు ఒక్కసారి, ఆ తరువాత షిఫ్టుకొకసారి టైడల్ వాల్యూమ్, పీక్, ప్లాటో, మొత్తం పీప్, డ్రైవింగ్ ప్రెషర్, కొలిచినప్పుడు రోగి స్వయంగా శ్వాస లాగుతున్నాడా లేదా. సక్షన్ అయ్యాక, మంచం తల వైపు 30 డిగ్రీలు ఎత్తి ఉంచి, ప్రతిసారీ అదే భంగిమలో తీస్తాం. హోల్డ్ మధ్యలో గీత చదునుగా లేకపోతే ఆ గడిలో అంకె బదులు అడ్డగీత పెడతాం.

స్టాఫ్‌నర్స్_రాజాం

మా ఐసీయూలో కూడా ఇదే మొదలుపెట్టమని మా డాక్టరు గారిని అడుగుతాను సర్. ఒక్క విషయం చెప్పండి. రాత్రి రెండు గంటలకు డ్రైవింగ్ ప్రెషర్ పెరిగి కనిపిస్తే, డాక్టరు గారు వచ్చేలోపు మేము ఏం చేయాలి?

చంపావతి_పల్మో

గత షిఫ్టు కంటే 3 పెరిగినా, 15 దాటినా ఫోన్ చేయండి సిస్టర్, సంకోచించవద్దు. ఈలోగా ట్యూబు పెదవి దగ్గర ఎన్ని సెంటీమీటర్ల గుర్తు మీద ఉందో చూడండి, నిన్నటి గుర్తు కంటే లోపలికి పోయి ఉంటే ఆ మాట ఫోనులోనే చెప్పండి. స్టెతస్కోపుతో రెండువైపులా వినండి. ఒకవైపు గాలి చప్పుడు లేకపోయి, బీపీ కూడా పడిపోతుంటే ఛాతీలో సూది వేయాల్సి రావచ్చు, పెద్ద కాన్యులా, ఐసీడీ ట్రే (ఛాతీలో గొట్టం వేసే సామగ్రి) మంచం పక్కన పెట్టి ఉంచండి. రెండువైపులా సమానంగా ఉంటే సక్షన్ చేసి, సెట్టింగులేవీ మార్చకుండా, పది నిమిషాలాగి మరోసారి హోల్డ్ నొక్కి రెండు అంకెలూ సమయంతో సహా చార్టులో రాయండి.